డెల్టాలో 2050 నాటి ఎండలు: అమ్మానాన్నలకు ఏ ఊరు, ఏ అంతస్తు?

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, విడదీసుకుందాం. అమ్మానాన్నలిద్దరూ డెబ్బై దాటినవారు, పాలకొల్లు దగ్గర పల్లెలో పెంకుటింట్లో ఉంటున్నారు. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి రాలేరు కాబట్టి ఇల్లు అమ్మి వారిని రాజమండ్రికో, కాకినాడకో, భీమవరానికో మార్చాలనుకుంటున్నారు. బిల్డరు అయిదో అంతస్తు, అంటే అన్నిటికన్నా పై అంతస్తు, నాలుగు లక్షలు తగ్గించి ఇస్తానంటున్నాడు. గోదావరి, కాలువలు, కొబ్బరి తోటలు ఉన్న డెల్టాకు అసలు వడగాలుల భయం ఉందా అని అడిగారు. 2050 నాటికి ఇక్కడ 50 డిగ్రీలు వస్తాయా అని కూడా అడిగారు. చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అందరూ అడిగేది అదే, జవాబు దొరికినా ఎవరికీ పెద్దగా పనికిరానిదీ అదే.

మన దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 51 డిగ్రీలు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో, అంటే థార్ ఎడారిలో నమోదైంది. కోనసీమ ఫలోదీ అయిపోతుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. డెల్టాలో మనిషి ప్రాణం మీదికి రావడానికి 50 అవసరం లేదు. గాలిలో తేమ, రాత్రి తగ్గని వేడి, ఈ రెండూ తోడైతే 37, 38 సరిపోతాయి. రాబోయే ముప్ఫై ఏళ్లలో ఇక్కడ పెరగబోయేవి ముఖ్యంగా ఈ రెండే. నేను వాతావరణ పరిశీలన కేంద్రంలో ఉద్యోగం చేసి, తరువాత పురపాలక సంఘాల వేసవి ఏర్పాట్లకు సలహాలిస్తూ ఈ జిల్లాల్లోనే ఉండిపోయినవాణ్ని. పేపర్లో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత అంకె మీద నాకున్నంత అనుమానం చాలామందికి ఉండదు.

పరిశీలన కేంద్రంలో నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా వాలు పలకలు బిగించిన తెల్లని చెక్క పెట్టె ఒకటి ఉంటుంది. అందులో పక్కపక్కనే రెండు థర్మామీటర్లు. ఒకటి మామూలుది. రెండో దాని బల్బుకు పలుచని మస్లిన్ గుడ్డ చుట్టి, వత్తి గుండా చిన్న సీసాలోని నీరు ఎక్కేలా పెడతాం. గుడ్డ మీది నీరు ఆవిరవుతూ ఆ బల్బును చల్లబరుస్తుంది కాబట్టి అది మామూలుగా తక్కువే చూపిస్తుంది. అదే తడిబల్బు ఉష్ణోగ్రత. మన ఒళ్లు కూడా ఇదే పద్ధతిలో చల్లబడుతుంది. చెమట ఆరితేనే ఫలితం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయే చెమటతో ఒంట్లోని నీరు, ఉప్పు ఖర్చవుతాయి తప్ప వేడి దిగదు.

ఇప్పుడు రెండు రోజులు తీసుకోండి. ఒక రోజు రాజమండ్రిలో 44 డిగ్రీలు, తేమ 20 శాతం. తడిబల్బు 25న్నర దగ్గర నిలుస్తుంది. రెండు థర్మామీటర్ల మధ్య తేడా 18 డిగ్రీలకు పైనే. ఇంకో రోజు అమలాపురంలో 36 డిగ్రీలే, తేమ 60 శాతం. అప్పుడు తడిబల్బు 29 దాటుతుంది, తేడా ఏడు డిగ్రీలు కూడా ఉండదు. మొదటి రోజు మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో పడుతుంది. రెండో రోజు లోపలి పేజీల్లో కూడా కనిపించదు. ఎండలో నడిచేవాడికి మొదటి రోజు ప్రమాదకరం, సందేహం లేదు. నీడన, ఇంట్లో కూర్చున్న మనిషి ఒళ్లు ఎక్కువ శ్రమ పడేది మాత్రం రెండో రోజే.

తడిబల్బు 35 చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో ఉన్నా, కొన్ని గంటలకు మించి బతకలేడన్నది 2010లో వేసిన సిద్ధాంత లెక్క. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులను ప్రత్యేకమైన గదిలో ఉంచి పరీక్షించారు. తేమ ఎక్కువ ఉన్న గాలిలో ఒంటి వేడి అదుపు తప్పడం 31 డిగ్రీల తడిబల్బు దగ్గరే మొదలైంది. అంటే పైన చెప్పిన అమలాపురం మధ్యాహ్నానికీ ఆ హద్దుకూ మధ్య ఉన్న దూరం రెండు డిగ్రీలకు లోపే. అది కుర్రవాళ్ల హద్దు. డెబ్బై దాటినవారికి చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. వారి హద్దు ఇంకా కింద ఉంటుంది.

ఇక డెల్టా సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి మధ్యాహ్నం ఎలా ఉంటుందన్నది రెండు గాలుల్లో ఏది గెలుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. సముద్రం కన్నా నేల త్వరగా కాగుతుంది కాబట్టి పగలు సముద్రం మీది నుంచి గాలి లోపలికి వీస్తుంది. కాకినాడకు అది మధ్యాహ్నానికి ముందే చేరవచ్చు. రాజమండ్రికి సాయంత్రం అవుతుంది, కొన్ని రోజులు అసలు రాదు. దానికి ఎదురుగా దక్కను పీఠభూమి మీద కాగిన పడమటి గాలి వస్తుంది. కిందికి దిగే పొడిగాలి ప్రతి 100 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున ఇంకా వేడెక్కుతుంది. కనుమలు దిగి మైదానం చేరేసరికి అది నిప్పులు చెరుగుతుంటుంది. పడమటి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. అటువంటి రోజుల్లో కాకినాడలో కూడా 40 దాటుతుంది. 2015 మే నెలాఖరులో జరిగింది అదే. ఆ వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వ లెక్క. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఇవి వడదెబ్బ అని రాసుకున్నవి మాత్రమే. ఎండకు తట్టుకోలేక గుండె ఆగినవారు, మూత్రపిండాలు చెడినవారు ఏ లెక్కలోకీ రారు.

పడమటి గాలి తగ్గి రాత్రి ఏడింటికి సముద్రపు గాలి వచ్చిందనుకోండి. అందరూ 'అమ్మయ్య' అనుకుంటారు. అయితే అది తెచ్చేది చల్లదనం మాత్రమే కాదు, తేమ కూడా. పగలంతా కాగిన గోడల మధ్యకు ఆ తేమ చేరితే తెల్లవారుజాము దాకా ఉక్కే. పగలు వడగాలి, రాత్రి ఉక్కపోత కలిసి వచ్చే ఈ రకం రోజులంటేనే నాకు ఎక్కువ భయం.

'కాలువలు ఉన్నాయి కదా' అన్నారు. ఎప్పుడు ఉన్నాయో చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా పచ్చగా ఉన్న మాట నిజమే. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యే వేళకు, ఏప్రిల్‌లో, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీరు వదిలేది జూన్‌లో. అంటే సరిగ్గా ఎండలు ముదిరి రోహిణి కార్తె నడిచే వారాల్లో డెల్టాలో కాలువలు ఎండి, చేలు మోడుబారి ఉంటాయి. కోతలయ్యాక మిగిలిన మోళ్లకు నిప్పు పెట్టే ఊళ్లలో నేల నల్లబడి ఇంకా కాగుతుంది. నీరు నిండుగా ఉండేది చెరువుల్లోనే, ముఖ్యంగా భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల్లో. అవి గాలిని కొంత చల్లబరుస్తాయి, అదే చేత్తో తేమను కూడా పెంచుతాయి. సాగునీటి వల్ల మామూలు ఉష్ణోగ్రత తగ్గినా, తేమతో కూడిన వేడి పెరుగుతుందని ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు 2020లో చూపించారు. వారి లెక్క ప్రధానంగా ఉత్తరాది మైదానాల గురించే అయినా, సూత్రం డెల్టాకు కూడా వర్తిస్తుంది. 'నీరుంటే చల్లన' అన్న నమ్మకం సగం నిజం.

ముందు ముందు ఏమవుతుంది? 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక చెప్పింది. ఉద్గారాలు, అంటే బొగ్గు, చమురు మండించగా గాలిలో కలిసే వాయువులు, అదుపు లేకుండా పెరిగితే ఈ శతాబ్దం చివరికి, 1976-2005 నాటి సగటు మీద, 4.4 డిగ్రీల దాకా పెరగవచ్చని, వేసవి వడగాలులు మూడు నాలుగు రెట్లు ఎక్కువ సార్లు రావచ్చని, ఒక్కొక్క విడత దాదాపు రెట్టింపు కాలం నిలవవచ్చని అదే నివేదిక అంచనా. అందులో నేను గీత గీసుకున్న వాక్యం వేరే. వేడి పగళ్లు 55 శాతం పెరిగితే వేడి రాత్రులు 70 శాతం పెరుగుతాయట. రాత్రి ముందు నడుస్తోంది, పగలు వెనక వస్తోంది.

అది చెడ్డ దారి లెక్క. ఉద్గారాలు మధ్యస్థంగా ఉండే దారిలో వెళ్తే 2041-2060 మధ్య భూమి సగటు వేడిమి పారిశ్రామిక యుగానికి ముందటి కన్నా 2 డిగ్రీలు ఎక్కువ ఉంటుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ అంచనా. మీరు అడిగిన 2050 ఇందులోనే పడుతుంది. మనుషులు వాతావరణాన్ని మార్చక ముందు పదేళ్లకు ఒకసారి వచ్చే తీవ్రమైన వేడి, 1 డిగ్రీ పెరిగిన లోకంలోనే పదేళ్లకు దాదాపు మూడుసార్లు వస్తోంది. 1.5 డిగ్రీలకు నాలుగుసార్లు, 2 డిగ్రీలకు అయిదారుసార్లు. అంటే రెండేళ్లకు ఒకసారి. ఇది ప్రపంచంలోని నేలంతటికీ కలిపిన సగటు, పాలకొల్లు కోసం వేసిన లెక్క కాదు. దిశ మాత్రం అదే. 2024లో ఆ ఒక్క ఏడాది సగటు 1.5 డిగ్రీలు దాటింది కూడా. ఇక ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం 1951 నుంచి 2015 మధ్య 1 డిగ్రీ వేడెక్కింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. పక్కనే వేడెక్కిన సముద్రం ఉన్న ఊళ్లకు ఈ చివరి రెండు అంకెలే ముఖ్యం.

ఇందులో ఒక చిక్కు ఉంది. తీరప్రాంతంలో వాతావరణ శాఖ వడగాలి అని ప్రకటించాలంటే గరిష్ఠం కనీసం 37 ఉండాలి, అది ఆ తేదీకి మామూలుగా ఉండవలసిన దాని కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. 'వేడి రాత్రి' అనాలంటే రాత్రి కనిష్ఠం మామూలు కన్నా 4.5 డిగ్రీలు పెరగడమే కాక, పగలు కనీసం 40 ఉండాలి. డెల్టాలో పగలు 38తో ఆగి, రాత్రంతా 30 దగ్గర ఉక్కబోస్తే ఈ రెండు నిర్వచనాలకూ అందదు. వాతావరణ శాఖ 'వేడి, ఉక్కపోత' హెచ్చరికలు వేరుగా ఇస్తోంది, విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల జాబితా ఇస్తోంది. రెండూ మెచ్చుకోదగ్గవే. కానీ 'మా మండలం జాబితాలో లేదు, ఏమీ కాదు' అని నిశ్చింతగా ఉండకండి. ఫోనులో వాతావరణం చూసేటప్పుడు రాత్రి కనిష్ఠం చూడండి. అది వరుసగా మూడు రాత్రులు 29 దాటితే అమ్మానాన్నలకు ఫోను చేసి ఎలా ఉన్నారో కనుక్కోవలసిన సమయం వచ్చినట్టు. ఈ 29 నా అనుభవం మీద పెట్టుకున్న గుర్తు, ప్రభుత్వ నియమం కాదు.

పల్లెకూ పట్నానికీ తేడా తెలిసేది కూడా రాత్రే. కాంక్రీటు, తారు పగలంతా వేడిని తాగి రాత్రి వదులుతాయి. పల్లెలో ఖాళీ నేల ఆకాశానికి ఎదురుగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. పట్నంలో ఎదురెదురు మేడల మధ్య ఆ వేడి ఒక గోడ నుంచి ఇంకో గోడకు పోతుంది తప్ప పైకి పోదు. దానికి తోడు ప్రతి ఏసీ లోపలి వేడిని బయటికి తోస్తుంది. ఐఐటీ భువనేశ్వర్ పరిశోధకులు 2024లో 140కి పైగా భారతీయ నగరాలను ఉపగ్రహ సమాచారంతో పరిశీలించి, రాత్రిపూట నగరాలు వేడెక్కే వేగం కేవలం పట్టణీకరణ వల్లే దాదాపు 60 శాతం ఎక్కువగా ఉందని తేల్చారు. లోకం వేడెక్కడం ఒకటి, ఊరు తన్ను తాను వేడెక్కించుకోవడం ఇంకొకటి. డెల్టా పట్టణాలు రెండో పనిని ఉత్సాహంగా చేస్తున్నాయి. కడియం నర్సరీల నుంచి దేశమంతటికీ మొక్కలు వెళ్తాయి. ఆ పక్కనే ఉన్న పట్టణాల్లో రోడ్లు వెడల్పు చేయడానికి నిద్రగన్నేరు చెట్లు కొట్టి, డివైడరు మధ్య నీడనివ్వని అలంకార తాటి మొక్కలు నాటుతారు. ఫొటోకు బాగుంటాయి.

ఊళ్ల విషయానికి వస్తే, మూడింటిలో పగటి ఎండ ఎక్కువ రాజమండ్రిలో. సముద్రానికి దూరం, పడమటి గాలికి దగ్గర. ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన గోదావరిలో నీరు నిలిచి ఉంటుంది, సాయంత్రం గట్టు మీద కూర్చుంటే హాయిగానే ఉంటుంది. ఆ చల్లదనం మాత్రం గట్టు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి ఊళ్లోకి రాదు. పెద్దాసుపత్రులు అందుబాటులో ఉండటం రాజమండ్రికీ కాకినాడకూ ఉన్న బలం. కాకినాడలో పగటి ఎండ తక్కువ, రాత్రి ఉక్క ఎక్కువ, సముద్రానికి దగ్గరగా తూర్పు గాలి తగిలే వీధి దొరికితే తట్టుకోవచ్చు. భీమవరం సముద్రానికి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉన్నా, చుట్టూ చెరువుల తేమ, మధ్యలో కిక్కిరిసిన కట్టడాలు. మీకు పాలకొల్లుకు దగ్గరన్న మాటే గాని ఎండ పరంగా ప్రత్యేకమైన లాభం లేదు. నన్నడిగితే కాకినాడ. అయితే ఊరి ఎంపిక కన్నా ఇంటి ఎంపిక ముఖ్యం. ఒకే వీధిలో రెండు ఇళ్ల మధ్య ఉండే తేడా, రెండు ఊళ్ల మధ్య ఉండే తేడా కన్నా ఎక్కువగా ఉండటం చాలాసార్లు చూశాను.

పై అంతస్తు వద్దు. నాలుగు లక్షలు కాదు, ఎనిమిది తగ్గించినా వద్దు. శ్లాబు పొద్దున ఎనిమిదింటి నుంచి కాగుతూ, ఆ వేడి కింది వైపుకు దిగేసరికి సాయంత్రం అవుతుంది. సరిగ్గా నిద్రపోయే వేళకు పొయ్యి మీది నుంచి దింపిన పెనంలా మీ మంచం మీద వేలాడుతుంది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. ఇప్పటికే పై అంతస్తులో ఉన్నవారు చేయగలిగింది శ్లాబుకు తెల్ల పూత. ఖరీదైన కూల్ రూఫ్ పెయింటు కాకపోయినా, సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేసినా తేడా తెలుస్తుంది. లోపల రెండు నుంచి అయిదు డిగ్రీలు తగ్గవచ్చు. అయితే దుమ్ము పడితే పని తగ్గిపోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ఒక విధానమే ప్రకటించింది. అపార్టుమెంటులో పైకప్పు అందరిదీ కాబట్టి సంఘం ఒప్పుకోవాలి, ఆ చర్చ ఎంత కాలం సాగుతుందో మీకు తెలిసే ఉంటుంది.

రెండు లేదా మూడో అంతస్తు చూడండి. పడమటి గోడకు పడకగది ఆనుకుని ఉండకూడదు. తూర్పున గాని దక్షిణాన గాని కిటికీ, దానికి ఎదురుగా ఇంకో కిటికీ ఉండాలి. ఇప్పటి ఫ్లాట్లలో వేసే అల్యూమినియం జారుడు కిటికీలు ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటాయి. బిల్డరు చూపించే నాలుగడుగుల కిటికీ గాలికి రెండడుగులే. రెండు వైపులకూ విచ్చుకునే పాత రకం రెక్కలు పెట్టించమని అడగండి, డబ్బు ఎక్కువడిగినా ఇవ్వండి. పక్క మేడ ఎంత దూరంలో ఉంది, దాని ఏసీ పెట్టెలు ఏ వైపు ఉన్నాయి అన్నది కూడా చూసుకోవాలి. పక్కవాళ్ల ఏసీ వేడి మీ కిటికీలోకి వస్తే మీరూ ఏసీ పెట్టుకుని ఇంకెవరి కిటికీలోకో పంపడం తప్ప దారి ఉండదు.

పెంకుటిల్లు అమ్మే తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎత్తైన కప్పు, పెంకుల సందుల్లోంచి బయటికి పోయే వేడి, చుట్టూ వసారా, దొడ్లో చెట్లు ఉన్న ఇల్లు రాత్రి తొమ్మిదింటికి చల్లారుతుంది. అదే వేళకు ఫ్లాటు ఇంకా కాగుతుంటుంది. మీ అసలు బెంగ ఎండ కాదు, ఆసుపత్రి దూరం అయి ఉండవచ్చు. అది సరైన బెంగే. అలా అయితే జూలై నుంచి మార్చి దాకా వారు పల్లెలో ఉండి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పట్నంలో ఉండే ఏర్పాటు గురించి ఆలోచించకండి. ఎండ పరంగా అది తిరగేసిన ఏర్పాటు. పల్లె ఇంట్లోనే ఒక గదికి సీలింగు వేయించి, ఒక టన్ను ఇన్వర్టరు ఏసీ, విద్యుత్తు పోతే ఫ్యాన్లు నడిచే బ్యాటరీ పెట్టించండి. ఏసీని 26, 27 దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేసుకుంటే చాలు. వేసవి రాత్రుల్లో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవడం డెల్టాలో కొత్తేమీ కాదు, ముందు ముందు తగ్గదు కూడా, కాబట్టి బ్యాటరీ విషయంలో పొదుపు చేయకండి.

కూలరు కొనవచ్చా అని చాలామంది అడుగుతారు. తడిబల్బు సంగతి చెప్పాను కదా, కూలరు గాలిని ఆ అంకె కన్నా కిందికి చల్లబరచలేదు. పడమటి గాలి రోజున, 44 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నప్పుడు కిటికీ దగ్గర పెట్టిన కూలరు అద్భుతంగా పని చేస్తుంది. ఉక్క రోజున తలుపులు మూసి కూలరు వేస్తే గదిలోకి ఇంకా తేమ చేర్చడమే. ఫ్యాను దీనికి తలకిందులు. ఉక్క రోజున చాలా మేలు చేస్తుంది. గదిలో 40 డిగ్రీలు దాటితే మాత్రం ఫ్యాను వేడి గాలిని ఒంటికి కొడుతుంది, అప్పుడు ఫ్యాను మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. తడి తువ్వాలు ఒంటి మీద వేసుకుని కూర్చోవడం వృద్ధులకు తేలికైన, ఖర్చులేని ఉపాయం. వారికి పట్టని చెమట పనిని ఆ తడి చేస్తుంది.

నాన్నగారు బీపీకో గుండెకో మందులు వాడుతుంటే మార్చి నెలలోనే డాక్టరుకు చూపించి, వేసవిలో మోతాదు మార్చాలా అని అడగండి. ఒంట్లోని నీటిని బయటికి పంపే మందులు, గుండె వేగాన్ని తగ్గించే మందులు ఎండ దెబ్బను పెంచగలవు. సొంతంగా మానేయడం అంతకన్నా ప్రమాదం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు చూసినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. 108కి ఫోను చేయాలి, అంబులెన్సు వచ్చే దాకా ఆగకుండా ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. మొదటి అరగంటలో ఎంత చల్లబరిస్తే అంత మేలు. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకూడదు. జ్వరం మాత్ర దీనికి పని చేయదు. పక్కింటివారికి ఈ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంచండి, ఆ సమయానికి మీరు హైదరాబాద్‌లో ఉంటారు.

పురపాలక సంఘాలు ఏం చేస్తాయన్నది కూడా చూద్దాం. అహ్మదాబాద్ 2010లో ఎండలకు అల్లాడి, 2013లో దేశంలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. ఎంత ఎండకు తమ ఊళ్లో మరణాలు పెరుగుతున్నాయో చూసుకుని, ఆ స్థాయిని బట్టి ఆసుపత్రులకు, కూలీలకు, బస్సులకు హెచ్చరికలు ఇస్తారు. అది పొడి ఎండల ఊరు, ఆ హద్దులను డెల్టాకు తెచ్చి అతికిస్తే కుదరదు. ఇక్కడ తేమ, రాత్రి కనిష్ఠం కలిపి హద్దు పెట్టుకోవాలి. నేను కూర్చున్న సమావేశాల్లో చర్చంతా చలివేంద్రాల సంఖ్య చుట్టూ తిరిగేది. చలివేంద్రం మంచిదే, మజ్జిగ ఇంకా మంచిది. కానీ అది సాయంత్రం మూసేస్తారు. రేకుల ఇంట్లో అయిదుగురు పడుకోలేక బయట కూర్చున్న కుటుంబానికి రాత్రి పదకొండింటికి అది పనికిరాదు. చేపల ఎగుమతి షెడ్లలో, ఇటుక బట్టీల్లో, మార్కెట్ యార్డుల్లో పని చేసేవారికి పగలు విశ్రాంతి, రాత్రి చల్లగా పడుకునే చోటు కావాలి. పార్కులు, కల్యాణ మండపాలు, పాఠశాలల వరండాలు వేసవి రాత్రుల్లో తెరిచి ఉంచడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఈ విషయం మీ కుటుంబానిది కాదనుకోకండి. మీ అమ్మగారికి ఇంటి పనిలో సాయపడే మనిషి ఎలాంటి ఇంట్లో పడుకుంటుందో ఒకసారి అడిగి చూడండి.

అన్నీ చూసుకుని చివరికి ఫ్లాటే అనుకుంటే, బిల్డరు రమ్మన్న ఆదివారం ఉదయం వెళ్లకండి. మే నెలలో వెళ్లండి, రాత్రి తొమ్మిది దాటాక. ఫ్యాన్లు, ఏసీలు ఆపించి, కిటికీలన్నీ తెరిపించి అరగంట కూర్చోండి. పడమటి గోడకు అరచేయి ఆనించండి, కుర్చీ ఎక్కి శ్లాబుకు ఆనించండి. చేయి వెచ్చగా అనిపిస్తే ఆ గదిలో పెద్దవాళ్లు పడుకోలేరు. నూటయాభై రూపాయలకు దొరికే గది థర్మామీటరు ఒకటి వెంట తీసుకెళ్లి, అదే సమయానికి బయట వీధిలో ఎంత ఉందో, లోపల ఎంత ఉందో రాసుకోండి. బయటి కన్నా లోపల రెండు డిగ్రీలకు మించి ఎక్కువ ఉంటే ఇంకో ఫ్లాటు చూసుకోండి. అడ్వాన్సు ఆ తరువాతే.